బిగుసుకున్న తూటా

సూరత్ దగ్గర ఉధ్నాలో మరమగ్గాల కార్ఖానాల వెనక సందులో మార్కండేయకు ఒక లేత్ ఉంది. ఆ పని అతనికి ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. విరిగిన మగ్గం ముక్క తెస్తే తిప్పి తిప్పి చూసి, అలాంటిదే కొత్తది తీసిస్తాడు. బాగుందని ఎవరైనా అంటే, "బిగించి నడిపినంక చెప్పు" అంటాడు. చేసిన ముక్కను గుడ్డతో తుడిచి పొడిగా ఇస్తాడు. మగ్గాల వాళ్ళకు అది వింత. ఏది బిగుసుకున్నా రెండు చుక్కల నూనెతో నడుస్తుందని వాళ్ళ నమ్మకం. మగ్గం వరకు అది చాలావరకు నిజమే.

వానాకాలం చివర అతని బామ్మర్ది రవీంద్ర ఒక గుడ్డమూట తెచ్చాడు. రవీంద్ర ఆ సందులోనే మగ్గాలు నడుపుతాడు. మూటలో వేలంత గంధకం కడ్డీ ఉంది. జగిత్యాల దగ్గరి ఊళ్ళో ఉండే రవీంద్ర తండ్రి, మార్కండేయ మామ లస్మయ్య, తన పాత రైఫిల్లో తూటా కూర్చునే చోట గంధకం కరిగించి పోసి తీసిన అచ్చు అది. మక్కజొన్న చేలలో అడవిపందులు పడితే పంచాయతీ పిలిచేది లైసెన్సున్న లస్మయ్యనే. ఆ రైఫిల్‌కు సరిపోయే తూటాలు ఇప్పుడు దొరకడం లేదు.

"పెద్ద తూటా గొట్టాలు దొరికినయి బావా. మెడ నొక్కి సన్నం చేస్తే మనదాంట్ల కూసుంటయట. తుపాకిమందు గూడ ఎక్కువ పడ్తది. పంది ఉన్నకాడనే పండుతది."

"పందిని చూసి తూటా ఎంచొద్దురా. తుపాకిని చూసి ఎంచాలె. అది మీ తాత నాటిది. లైసెన్సు గూడ మామకున్నది, నాకు లేదు."

"మందు నువ్వు పోస్తలేవు గద. ఉత్త గొట్టమే."

మార్కండేయ భార్య వజ్రమ్మ చాయ్ పెట్టి నిలబడింది. "మా నాయిన ఊకె ఫోన్ చేస్తున్నడు. చేస్తే చెయ్యి, లేకుంటే లేదను. గా కడ్డీని ముందల వెట్టుకొని పూజ చేస్తవా?"

చేశాడు. మెడ సన్నం చేస్తే ఇత్తడి ఎక్కడికీ పోదు, మెడలోనే మందమవుతుంది. ఆ మందం తీయకపోతే గుండు మెడను విడిచి పోవడానికి జాగా ఉండదు. పేలినప్పుడు ఒత్తిడంతా వెనక్కి తన్నుతుంది. వెనక ఉండేది కాల్చేవాడి కన్ను. అచ్చుతో కొలిచి మందం తీశాడు గానీ, గంధకం చల్లారితే కొలత మారుతుందేమోనని అతనికి అనుమానం. తుపాకి చూస్తే తప్ప ఆ అనుమానం పోదు. రవీంద్ర ఊరికి బయల్దేరినప్పుడు గట్టిగా చెప్పాడు.

"మందు పోయకముందే గుండు వెట్టి, తుపాకి బోల్టు వేసి చూడుండ్రి. జర బిగిసినా అన్నీ వాపస్ తేవాలె. జోర్ చేయొద్దు."

"జోర్ చెయ్యం తియ్యి."

కొన్నాళ్ళకు ఒక సాయంత్రం లేత్ నడుస్తుండగా ఫోను మోగింది. రవీంద్ర.

"బావా, నీ పని జబర్దస్త్. నేను జగిత్యాల బస్టాండ్ల ఉన్న, సూరత్ వస్తున్న."

"బోల్టు ఎట్ల పడ్డది?"

"ముందుగాల జర బిగిసింది. జోర్ చెయ్యొద్దన్నవు గద, చెయ్యలే. మన మగ్గాలకు పోసే సాంచా నూనె రాసిన. సర్రున పోయింది. నాయిన అన్నిట్ల మందు నింపుకున్నడు."

మార్కండేయ లేత్ ఆపాడు. నూనె ఆ బిగువును కప్పిందే గానీ తీయలేదు.

"మామ ఏడున్నడు?"

"మంచె మీదికి పోయిండు. ఎందుకు బావా?"

ఫోను పెట్టేసి లస్మయ్యకు చేశాడు. అత్త వెంకటవ్వ ఎత్తింది. ఫోను మోగితే పందులు ఉరుకుతాయని ఆయన ఇంట్లోనే పెట్టి పోయాడట.

"అత్తా, ఎవర్నన్న ఉరికియ్యి. ఆ తుపాకి కాల్చొద్దని చెప్పు."

"గిప్పుడే మోగింది బిడ్డా." ఆమె తలుపు తీసిన చప్పుడైంది. "ఎప్పటి మోత లెక్క లేదు."

ఫోను చేతిలోనే ఉంచుకొని ఆమె చేను దిక్కు నడుస్తున్నట్టుంది. మక్క ఆకులు రాసుకుంటున్న చప్పుడు. పక్క కార్ఖానా మోతకు మార్కండేయ రెండో చెవి మూసుకున్నాడు. వజ్రమ్మ వచ్చి ఎదురుగా నిలబడింది. అతను ఆమె వైపు చూడలేదు.

"ఓ రవీంద్ర నాయినా," అని పిలిచింది వెంకటవ్వ, ఎప్పుడూ పిలిచినట్టే. మళ్ళీ అలాగే పిలిచింది.

మూడోసారి భర్తను పేరు పెట్టి పిలిచింది. పెళ్ళయినప్పటి నుంచి ఆమె నోట ఆ పేరు ఎవరూ వినలేదు.