రెండు చెవులకూ చేస్తున్నారట!

ఆ రోజుల్లో అమీర్‌పేటలో ఎవరూ ఎవరినీ నమ్మేవారు కారు. సాఫ్ట్‌వేర్ కుర్రాడు బయోడేటాలో రాసుకున్న అనుభవం దొంగదని కంపెనీకి అనుమానం, ఆ కంపెనీ నెలాఖరుదాకా ఉంటుందా అని కుర్రాడికి అనుమానం, వాడికి అసలు ఉద్యోగం ఉందా అని పిల్లనిచ్చేవాళ్లకు అనుమానం. ఇక మా ఇంట్లో పొయ్యి వెలిగేదే అనుమానంతో. నాన్న సనత్‌నగర్‌లో ఒక చిన్న ఫ్యాక్టరీలో, తయారైన సరుకును తనిఖీ చేసే ఉద్యోగి. ఇంటికి కుక్కర్ వచ్చినా, కుర్చీ వచ్చినా ముందు బోర్లా తిప్పి అతుకు ఎక్కడుందో చూసేవారు. (నేను పుట్టినప్పుడు నన్నూ అలాగే తిప్పి చూశారని అమ్మ అనేది.) ఆ గుణం నాకూ అబ్బింది.

ఆదివారాలు మా చర్చిలో బేస్ గిటార్ వాయించేవాణ్ని. డ్రమ్ముల హోరులో నా గిటార్ నాకే వినపడేది కాదు. వాయించేవాళ్లు తమ వాయిద్యం తాము వినడానికి చెవి లోపలికంటా పెట్టుకునే ఇయర్‌ఫోన్లు ఉంటాయి, ఇన్-ఇయర్ మానిటర్లంటారు. ఒక జత కొన్నాను. హల్లెలూయా అని తల ఊపగానే రెండూ ఊడి కింద పడ్డాయి. చెవికి అచ్చు తీయించి, ఆ కొలతకు గట్టి గుల్ల చేయించి, లోపలి సరంజామా అందులో బిగిస్తే ఊడవని ఎవరో చెప్పారు. అచ్చులు తీసేది ఎవరంటే పంజాగుట్టలో వినికిడి మిషన్లు అమ్మే షాపువాడు. వెళ్లాను. "జర నోరు తెరువన్నా" అని పళ్ల మధ్య ఒక దిమ్మ ఇరికించి, సిరంజితో గులాబీ రంగు ముద్ద రెండు చెవుల్లోకీ ఎక్కించాడు.

సరుకు తయారయ్యాక మొదలైంది నా తనిఖీ. ట్యూబ్‌లైటుకు ఎదురుగా పెట్టి చూస్తే గుల్ల లోపల గాలి బుడగ. వెనక్కిచ్చాను. ఈసారి బుడగ లేదు గానీ, అతుకు మీద గోరు పెట్టి లాగితే గరుకుగా తగులుతోంది. వెనక్కిచ్చాను. వైరు బయటికొచ్చే చోట రబ్బరు తొడుగు లేదు, మడత పడి తెగిపోతుంది. మళ్లీ వెనక్కి. కుడి చెవికి గుర్తుగా పెట్టిన ఎర్ర చుక్కను ఉమ్మితో రుద్దితే పోయింది. ఇక షాపువాడికి ఓపిక పోయింది. "అన్నా, చెవుల వెట్టుకునేదాన్ని భూతద్దం వెట్టి ఎవలు చూస్తరు?" అన్నాడు. నేను చూస్తాను అన్నాను, ఏదో ఘనకార్యం చేస్తున్నట్టు. విసుక్కుంటూనే మళ్లీ మొదట్నుంచీ అచ్చులు తీశాడు.

సరిగ్గా అప్పుడే నాకొక సంబంధం మాట్లాడుతున్నారు. క్రిస్మస్ పాటల సాధనలో చూసిన అమ్మాయి. తల్లిదండ్రులు లేరు, నాయనమ్మే పెంచింది. ఈ సంబంధం తప్పిపోతే ఇక నాకు పెళ్లే వద్దని అమ్మతో తెగేసి చెప్పాను. అబ్బాయి గురించి వాకబు చేసే బాధ్యత అమ్మాయి బాబాయిది. ఎర్రమంజిల్‌లో సర్కారు ఆఫీసులో పని, అనుమానంలో నాన్నకు ఏమాత్రం తీసిపోని మనిషి. ఒక సాయంత్రం ఆయన పంజాగుట్టలో బస్సు కోసం నిలబడి, అద్దాల తలుపులోంచి నన్ను చూశారట. చెవుల్లో గులాబీ ముద్ద, నోట్లో దిమ్మ. నేను వెళ్లిపోయాక లోపలికెళ్లి అడిగితే షాపువాడు విసుగంతా వెళ్లగక్కాడు: "గా అన్ననా? రెండు చెవులకూ చేస్తున్నం సార్. ఎన్నిసార్లు చేసినా మంచిగ లేదంటుండు." ఇంకేం కావాలి! ఇదంతా నాకు తర్వాత తెలిసిన సంగతి.

పెళ్లిచూపులకు అమ్మకు జ్వరం వచ్చి నేనూ నాన్నా వెళ్లాం. దారిలో పంజాగుట్టలో ఆగి, చివరికి ఒప్పుకున్న ఆ జతను జేబులో వేసుకున్నాను. వాళ్లింట్లో కూర్చోగానే బాబాయి ప్రార్థన ఎత్తుకున్నారు. కళ్లు మూసుకున్నాం. ఆయన గొంతు తగ్గుతూ తగ్గుతూ గొణుగుడులోకి దిగి, ఆ గొణుగుడూ ఆగిపోయింది. మౌన ప్రార్థన కాబోలనుకుని నేను భక్తిగా అలాగే ఉండిపోయాను. ఎంతసేపటికీ ఆమెన్ రాదు. ఒక కన్ను తెరిచి చూస్తే ఇంటిల్లిపాదీ కళ్లు విప్పార్చి నన్నే చూస్తున్నారు. పక్కన నాన్న ఇంకా కళ్లు మూసుకునే ఉన్నారు. "అయ్యో, తండ్రికీ ఉందిరా!" అంది నాయనమ్మ.

ఆ తర్వాత అరుపులు మొదలయ్యాయి. "బాబూ, ఆఫీసు ఎక్కడ?" అని బాబాయి మైకు మింగినట్టు అడిగారు. "కాఫీ తాగుతావా తండ్రీ?" అని నాయనమ్మ నా చెవి దగ్గరికొచ్చి కేక పెట్టింది. వాళ్ల పద్ధతి అదేనేమోనని మర్యాద కొద్దీ నేనూ అరిచి జవాబిచ్చాను. నేను అరిచినకొద్దీ వాళ్ల మొహాల్లో జాలి పెరిగింది. అమ్మాయి దూరంగా కప్పులు సర్దుతోంది. నాన్న నా వైపు వంగి గుసగుసగా అన్నారు: "పిల్లకు చెవుడురా. ఇంట్లో అందరికీ అరవడం ఎలా అలవాటైందో చూడు. దాచిపెట్టి మనకు అంటగడుతున్నారు."

"నాకు బాగానే వినపడుతుందండీ" అంది అమ్మాయి, అంత దూరం నుంచి. "మీ అబ్బాయికే వినపడదని మా బాబాయి..."

"నా కళ్లతో చూశానండీ పంజాగుట్టలో! రెండు చెవులకూ చేస్తున్నారట!" అని బాబాయి లేచి నిలబడ్డారు.

నాకు ప్రాణం పోయినంత పనైంది. జేబులోంచి ఆ జత తీసి బల్ల మీద పెట్టాను. "అదిగో మిషను" అని నాయనమ్మ గుండెల మీద చెయ్యేసుకుంది. అమ్మాయి వచ్చి దాన్ని చేతిలోకి తీసుకుని, వైరు చివరిదాకా చూసింది. "చెవి మిషనుకు ఇంత పొడుగు వైరెందుకు బాబాయ్? పిన్ను కూడా ఉంది. ఇది పాట వినేది." చర్చి, గిటారు, అచ్చులు, అన్నీ నేను ఏకరువు పెట్టాను. నాన్న అలవాటు కొద్దీ ఒకటి తీసుకుని గోటితో గీకి, "అతుకు ఇంకా సరిగ్గా రాలేదు" అన్నారు. రెండోది బాబాయి పట్టుకుని, "వైరు దగ్గర కూడా కొంచెం వదులండీ" అన్నారు. ఇద్దరూ తలలు దగ్గరకు చేర్చి కిటికీ వెలుతురులో దాన్ని చూస్తూ చాలాసేపు కూర్చున్నారు. అయినా బాబాయికి తనివి తీరక, లోపలి గదిలోకెళ్లి సన్నగా, "బాబూ, పొద్దున ఏం తిన్నావు?" అన్నారు. ఉప్మా అన్నాను. సంబంధం ఖాయమైంది.

మేం బయల్దేరి గేటు దాటాక, బల్ల మీద మరిచిపోయిన జతను అమ్మాయి తెచ్చి నా చేతిలో పెట్టింది. పెడుతూ చాలా మెల్లగా ఏదో అంది. సందులో ఆటోల హారన్లు, ఎదుటి కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ మెట్ల మీద కుర్రాళ్ల గోల. ఒక్క ముక్క వినపడితే ఒట్టు! ఏంటని మళ్లీ అడుగుదామంటే గుమ్మంలో బాబాయి నిలబడి చూస్తున్నారు. తల ఊపేశాను. ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. నేను దేనికి ఒప్పుకున్నానో తెలియక పెళ్లిదాకా సరిగ్గా నిద్రపోలేదు, అడిగే ధైర్యమూ చేయలేదు.

పెళ్లయ్యాక కొత్త కోడలు మా ఇంటి ముందు ఆటో దిగింది. వెనకాల ఒక ట్రంకు పెట్టె దిగింది. దాని వెనక నాయనమ్మ దిగింది. "నాయనమ్మని కూడా మనతో ఉంచుకుందామా అని గేటు దగ్గర అడిగాను కదా" అంది నా భార్య, అందరి ముందూ, గర్వంగా. చర్చిలో నాకు గొప్ప మనసున్నవాడని పేరొచ్చింది. ఆ ముసలావిడ చివరిదాకా మాతోనే ఉంది. నాకు చెవులు బాగున్నాయని తెలిసినా అలవాటు మానక, "అన్నం తిన్నావా తండ్రీ?" అని రోజూ కేక పెట్టేది. ఆవిడ పోయిన రోజు అందరికంటే ఎక్కువ ఏడ్చింది నేనే.

ఇప్పుడు అప్పటి నన్ను, గేటు దగ్గర తల ఊపిన ఆ కుర్రాణ్ని తలుచుకుంటే నవ్వొస్తుంది. నవ్వుతో పాటు కాస్త భయమూ వేస్తుంది. ఆ మాట స్పష్టంగా వినపడి ఉంటే వాడు ఏమనేవాడో నాకు బాగా తెలుసు. "ఆలోచించి చెబుతాను" అనేవాడు.