ఉప్పు వెయ్యని చారు

"నీలు నీలే కదేటి బాబూ! సెరువు నీలు గెడ్డలోకి ఒదిల్తే కొంపేటి మునిగిపోద్ది?"

"అది ఉప్పునీరు మావయ్యా. గెడ్డ పోయి బీలలో కలుస్తాది. బీలలో సేపా మిగల్దు, కింద మడిలో మొక్కా మిగల్దు."

"ఉప్పని ఎవుడు సెప్పినాడు?"

"ఈ మీటరు."

"ఆ పుల్ల ముంచి సూపిత్తే నాను నమ్మాలేటి? నాకు నాలిక నేదేటి?"

మా అరుగు మీద ఇలా అరుచుకుంటున్న ఇద్దరిలో ఒకరు నా మరిది, రెండోవారు వరసకు మాకు మావయ్య, ఊరంతా 'రొయ్యల మావ' అనే ఆసామి. ఆ కాలంలో మా ఉద్దానం తీరంలో కొబ్బరిచెట్టు కంటే రొయ్యకే మర్యాద ఎక్కువ. మరిదికి ముప్పై దాటాక దొరికిన ఉద్యోగం, మా గెడ్డల్లాంటి వాగులనూ, బీలల్లాంటి చిత్తడి నేలలనూ కాపాడే జీవశాస్త్రవేత్తగా. (గెడ్డల్లో కప్పల్ని వెతికేవాడికి జీతమెందుకని నేనే అడిగాను.) మావ మర్నాడే తన రొయ్యల చెరువు తూము తెరుస్తానన్నాడు. దాన్ని ఆపించమని మరిది అంతకుముందే టెక్కలి ఆఫీసు చుట్టూ చెప్పులరిగేలా తిరిగినా ఫలితం లేదు. మా ఊడ్పులకు నీళ్లిచ్చేది ఆ బీలే. అది ఉప్పుబారితే ఆ ఏడు గింజ లేదు.

నేను చదివింది మూడో తరగతి. మీటరు సంగతి తెలియదు కానీ నాలుక సంగతి బాగా తెలుసు. మరిది మావ చెరువులోంచి తెచ్చిన బిందెడు నీళ్లు అరుగు మీదే ఉన్నాయి. ఎత్తుకుని లోపలికి నడిచాను.

"వదినా, అవి పరీక్షకి!"

"పరీక్షకే పట్టుకెల్తన్నాను. నువ్వు నోర్ముయ్."

తగువు తీర్చడానికి ఇద్దరు పెద్దమనుషులు కూడా వచ్చారు కాబట్టి భోజనం పెట్టక తప్పదు. ఆ నీళ్లతోనే అత్తెసరు పెట్టాను, చారు కాచాను. ఉప్పు డబ్బా మూత కూడా తీయలేదు. మా ఇంట విస్తరిలో మెతుకు మిగల్చకూడదన్నది నా శాసనం, ఊరందరికీ తెలిసినదే. రొయ్యల మావ మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని కళ్లు పెద్దవి చేశాడు.

"కోడలా, ఉప్పు సేయి జారిపోనాదేటి?"

"ఉప్పుగల్లు కూడా వెయ్యనేదు మావయ్యా. మీ సెరువు నీలే. తినండి, పారేత్తే నానూరుకోను."

పెద్దమనుషులిద్దరూ ముద్ద ఊశారు. ఒకాయనకు నవ్వుతో పొలమారింది. మావ మాత్రం, పౌరుషమో నా మీద భయమో, విస్తరి ఖాళీ చేశాడు. మంచినీళ్లు అడిగితే బిందెలో మిగిలిన ఆ చెరువు నీళ్లే చూపించాను.

"సాలమ్మా! తూము తియ్యను, మట్టెత్తి మూయించేత్తాను. ముందు కుండలో నీలియ్యి!"

మిగిలిన అన్నం గేదె ముందు పెడితే అదీ మొహం తిప్పుకుంది. గెలిచిన సంతోషం కంటే బియ్యం పాడైన బాధే నాకు ఎక్కువైంది. రిటైరయ్యేలోపు ఎన్ని గెడ్డలు, ఎన్ని బీలలు కాపాడాడో మా మరిది! సన్మానం జరిగిన ప్రతిచోటా ఈ చారు కథ చెబుతాడు. నోరు మూసుకోమని గదమాయిస్తాను కానీ, అంత ధైర్యం ఆనాటి నాకు ఎక్కడిదో అని లోపల మురిసిపోతాను.

ఆ చారు తిన్న మర్నాడు పొద్దున్నే రొయ్యల మావ మనుషులు బంకమట్టి తెచ్చి తూము మూసేశారు. మేము మడిలో దిగి ఊడ్పు మొదలుపెట్టాం.