సభ ముందుకు రాని బిల్లు

తెనాలిలో మోటార్లు రీవైండింగ్ చేసే షాపులో పనిచేసేవాణ్ణి అప్పుడు. ఎలక్ట్రికల్ డిప్లొమా పూర్తయి మూడేళ్ళయింది. భట్టిప్రోలు దగ్గర మా ఊరి నుంచి పొద్దున పాసింజరు బండికి వెళ్ళి, సాయంత్రం బండికి తిరిగి వచ్చేవాణ్ణి.

ఆ ఏడు ఒక ప్రభుత్వ శాఖ బ్యాక్‌లాగ్ పోస్టులకి ప్రకటన ఇచ్చింది. అన్నీ ఎస్సీలకే. డిప్లొమా కావాలన్నారు, ఉంది. మార్కులు ఉన్నాయి. వయసు సరిపోయింది. కులధ్రువీకరణ పత్రం ఒక్కటే లేదు. మా తాతది ఎస్సీ కులమే. అయినా మేం క్రైస్తవులం కాబట్టి ప్రభుత్వం దృష్టిలో బీసీ-సి. మా నాన్న మిషన్ స్కూలు టీచరు. నన్ను బళ్ళో వేసినప్పుడు రిజిస్టరులో మతం దగ్గర 'క్రైస్తవుడు' అని తన చేత్తోనే రాశారు. మా బాబాయి పొలం పనికి వెళ్ళేవాడు. ఆయన కొడుకుని చేర్చుకున్న హెడ్మాస్టరు 'హిందువు' అని రాసుకున్నాడు, బాబాయి చదివి చూడలేదు. ఇద్దరం ఒకే చర్చిలో ఒకే బల్ల మీద కూచునేవాళ్ళం, ఇద్దరివీ డిప్లొమాలే. ఆ తమ్ముడు ఎస్సీగా దరఖాస్తు పెట్టుకున్నాడు.

అప్పుడు జరుగుతున్న పార్లమెంటు సమావేశాల్లోనే లోక్‌సభలో మా కోసం ఒక బిల్లు పెడతారని వార్త వచ్చింది. మతం క్రైస్తవమైనా ఆ కులాల వాళ్ళని ఎస్సీలుగానే గుర్తించే బిల్లు. దరఖాస్తుకి ఆఖరి తేదీ ఇంకా మూడు వారాలుంది.

తెనాలి గ్రంథాలయంలో పార్లమెంటు పద్ధతుల మీద ఒక పుస్తకం దొరికింది. మెట్లన్నీ వరసగా నోటుపుస్తకంలో రాసుకున్నాను. ప్రవేశపెట్టడానికి సభ అనుమతి. సాధారణ చర్చ. ఒక్కో క్లాజు మీద ఓటు. మొత్తం బిల్లు మీద ఓటు. మళ్ళీ చర్చా ఓట్లూ రాజ్యసభలో. రాష్ట్రపతి సంతకం. గెజిట్. ఈ బిల్లుకి మూడింట రెండు వంతులు అక్కర్లేదు, సాధారణ మెజారిటీ చాలు. సిరీస్ సర్క్యూట్ లాంటిది. ఎక్కడ తెగినా చివర దీపం వెలగదు. మెట్టుకి ఎన్ని రోజులు పట్టొచ్చో పక్కన పెన్సిలుతో వేసుకున్నాను. అంతా సవ్యంగా జరిగితే నాలుగు రోజులు మిగులుతాయి.

రాత్రి అన్నాల దగ్గర నాన్నకి చదివి వినిపించాను. ఆయన చర్చి సంఘ పెద్ద కూడా, మీటింగుల సంగతి తెలిసినవాడు. స్పీకరుని ఎవరు ఎన్నుకుంటారని అడిగారు. ఒక సభ్యుడు ప్రతిపాదిస్తాడు, ఇంకొకడు బలపరుస్తాడు, సభ ఒప్పుకుంటుంది, ప్రధానమంత్రీ ప్రతిపక్ష నాయకుడూ వెంట ఉండి ఆయన్ని కుర్చీ దాకా తీసుకెళ్తారని చెప్పాను.

"ఏం, ఆయన నడవలేడా?"

"మర్యాద నాన్నా."

"మన సంఘం ఎన్నికల్లో కుర్చీ దాకా తీసుకెళ్ళినోళ్ళు లేరు. కుర్చీలే లేచి వచ్చినయ్యి."

అమ్మ నవ్వింది. ఆ నెలలో మా ఇంట్లో నవ్వు విన్నది అప్పుడే అనుకుంటాను.

ఒకరోజు ఆ బిల్లు నేటి కార్యక్రమాల జాబితాలో ఉందని పేపర్లో పడింది. సాయంత్రం బండి దిగి వచ్చేసరికి చర్చిలో లైట్లన్నీ వేసి ఉన్నాయి. కృతజ్ఞతా కూడిక. పేపర్లో పడింది కాబట్టి పనైపోయిందనుకున్నారు. ఆడవాళ్ళు పులిహోర గిన్నెలు తెచ్చి గోడ వారగా పెట్టారు. గుమ్మంలో నాన్న కనిపిస్తే పక్కకి పిలిచి చెప్పాను, జాబితాలో పెట్టారంతే, సభ ముందుకి వచ్చిందో లేదో ఇంకా తెలియదని. ఆయన లోపలికి చూశారు. పాస్టరు అయ్యగారు అప్పటికే కళ్ళు మూసుకుని ఉన్నారు.

"ప్రార్థన మొదలైంది. కూచో," అన్నారు.

కూచున్నాను. పులిహోర తిన్నాను.

మర్నాడు రేడియోలో చెప్పారు, బిల్లు ప్రవేశపెట్టలేదని. సభ్యులకి ముందుగా ప్రతులు అందలేదట. అందాలని నియమం ఉంది, పుస్తకంలో నేనూ చదివాను. నాకు కోపం రాలేదు. ఎర్తింగ్ ఇవ్వకుండా మోటారుకి కరెంటు ఇవ్వమంటే నేనూ ఒప్పుకోను. చేసిన కూడికని వెనక్కి తీసుకునే పద్ధతి మాత్రం ఏ పుస్తకంలోనూ లేదు. ఆ తరవాత సమావేశాలు ముగిశాయి, ఎన్నికలు ప్రకటించారు.

ఆఖరి తేదీకి ఇంకా ఆరు రోజులుంది. తమ్ముడు రేపల్లె నుంచి అఫిడవిట్ టైపు చేయించి తెచ్చాడు. నేను క్రైస్తవ మతాన్ని ఆచరించడం లేదని అందులో ఉంది.

"సంతకం పెట్టు అన్నయ్యా. ఆదివారం నువ్వు ఎక్కడ కూచుంటావో ఎమ్మార్వో వచ్చి చూడ్డు. నన్ను చూశాడా?"

చదివాను. రెండు చోట్ల తప్పులున్నాయి, దిద్దాను. కింద సంతకానికి రెండో గీత ఎందుకని అడిగాను. తండ్రి కూడా పెట్టాలని చెప్పాడు. కుటుంబమంతా హిందువులమేనని ఆయన ఒప్పుకోవాలి. ఆ మాట నాన్న ఎదురుగానే అన్నాడు. నాన్న కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు.

"ఏదీ, పెన్నియ్యి."

"ఆగండి నాన్నా."

"నీ ఉద్యోగం కదరా. నేను పెడతా. దేవుడితో నేను మాట్లాడుకుంటాలే."

ఆయన చెయ్యి చాపి ఉంచారు. నా జేబులో పెన్ను ఉంది. తియ్యలేదు. అప్పుడు నాకేం అనిపించిందని చాలామంది అడిగారు. ఏమీ అనిపించలేదు. కాయితం నాలుగు మడతలు పెట్టి తమ్ముడికి ఇచ్చాను. వాడు కాసేపు కూచుని, మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయాడు.

ఆఖరి తేదీ నాడు షాపులో పొన్నూరు రైసుమిల్లు మోటారు ఒకటి ఉంది. సాయంత్రానికి కాయిల్స్ అన్నీ వేశాను. వార్నిష్ ఆరేదాకా ఉండి ఇంటికి వెళ్ళాను. రాత పరీక్ష బాపట్లలో పెట్టారు. తమ్ముడు రాసి వచ్చాడు. ఆ ఏడే చేరాడు.

కొత్త లోక్‌సభ కూడింది. మొదట ప్రమాణాలు, తరవాత స్పీకరు ఎన్నిక. ఆ వార్తలు నాన్నా నేనూ రేడియో దగ్గర కూచునే విన్నాం. అయిపోయాక అడిగారు:

"పాత సభలో ఆగిన బిల్లులు ఏమవుతాయిరా?"

సభ రద్దయితే దాని ముందున్న బిల్లులూ రద్దవుతాయని చెప్పాను.

"అయితే మనదీ రద్దయినట్టేనా?"

"లేదండి. ప్రవేశపెడితేగా రద్దవడానికి. ఆ లెక్కలోకి కూడా రాదు."

ఆయన తల ఊపారు. పాఠం అర్థమైన పిల్లవాడు ఊపినట్టే ఊపారు. రేడియో కట్టేసి, చర్చి తాళాలు తీసుకుని, ఆదివారానికి బల్లలు సర్దాలి, నువ్వూ రా అన్నారు. వెళ్ళి బల్లకి రెండో చివర పట్టుకున్నాను.