ఫ్రేమ్‌వర్క్‌ను పెద్దమనుషుల్లో పెట్టిన సంగతి

ఇది రెండు వర్గాల కథ. ఒకే గదిలో ఎదురెదురుగా మోహరించి, ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోకుండా సాగించిన పోరు. ఇందులో పంతాలున్నాయి, రాయబారం ఉంది, సంధి ఉంది, ఆఖర్న ఒక మనిషి ఊరొదిలి వెళ్ళిపోవటం కూడా ఉంది. పల్నాడు వాడు పోరు అన్నాడంటే వినేవాళ్ళు కుర్చీ ముందుకు లాక్కుంటారు.

లాక్కున్నవాళ్ళు మళ్ళీ వెనక్కి జరగండి. రెండు వర్గాలంటే ఇద్దరం, నేనూ నా స్నేహితుడూ. గొడవ దేనికంటే, ఫోన్ యాప్ ఫ్లట్టర్‌లో రాయాలా, రియాక్ట్ నేటివ్‌లో రాయాలా అని. రక్తపాతం జరగలేదు. ఒకసారి టీ ఒలికింది, అదీ నా కాలు వైరుకి తట్టుకుని.

మా ఆఫీసు నరసరావుపేటలో ఒక పురుగుమందుల కొట్టు మీద గది. ఆఫీసు అని మేం అనేవాళ్ళం, కొట్టాయన పైగది అనేవాడు. మందుల వాసన మెట్లెక్కి వచ్చేది కాబట్టి మా గదిలో దోమ ఉండేది కాదు, బల్లి ఉండేది కాదు. ప్రాణంతో ఉన్నవాళ్ళం మేమిద్దరమే. సాయంత్రమయ్యేసరికి ఆ సంగతి మీద కూడా కాస్త అనుమానం వచ్చేది. తలుపు మీద బోర్డు పెట్టాం. అది చూసి రైతులు పైకొచ్చి మిరపలో నల్ల తామర పురుగుకి మందు అడిగేవాళ్ళు. యాప్ కావాలని ఒక్కరూ రాలేదు.

చివరికి వచ్చినాయన ఒక పిల్లల డాక్టరు గారు. ఆయన కూడా పెరట్లో మొక్కలకి మందు కోసమే కొట్టుకొచ్చారు. బోర్డు చూసి పైకొచ్చారు. ఆయన ఆసుపత్రికి రొంపిచెర్ల వైపు నుంచి, బొల్లాపల్లి వైపు నుంచి కూడా పిల్లల్ని ఎత్తుకుని తెల్లారకముందే వస్తారు. కౌంటరు తెరిచేదాకా వరసలో నిలబడలేక చెప్పులు పెట్టి పక్కకెళ్ళి కూర్చుంటారు. చెప్పుల వరసలో రోజుకో తగాదా. "ఇంటి దగ్గరే ఫోన్లో టోకెన్ తీసుకునేలా చెయ్యండి. ఒక సీజన్ సరిగ్గా నడిస్తే దాన్ని చూసుకునే పని మీకే ఇస్తాను. తోటి డాక్టర్లకీ చెబుతాను," అన్నారు. జనం చేతుల్లో ఆండ్రాయిడ్ ఫోన్లు, ఆయన చేతిలో ఐఫోను. రెండిట్లోనూ నడవాలి.

నాకైతే ఇది ఒక పని. నా స్నేహితుడికి మాత్రం కాపురం. వాడికి కొత్తగా పెళ్ళయింది. ఆ అమ్మాయికి టీచరు ఉద్యోగం వచ్చి బొల్లాపల్లిలో వేశారు. ఇద్దరూ అక్కడే ఇల్లు అద్దెకి తీసుకున్నారు. వాడు రోజూ బండి మీద నరసరావుపేట వచ్చి పోయేవాడు. ఇంకోపక్క హైదరాబాదు కంపెనీ ఒకటి వాడికి ఉద్యోగం ఇస్తానని, బడులు తెరిచే వేళకల్లా వచ్చి చేరమని చెప్పింది. వాడు ఊ అనలేదు, ఊహూ అనలేదు. టీచరు ఉద్యోగం హైదరాబాదు రాదు. యాప్ నిలబడితే వాడు ఇక్కడ నిలబడతాడు. లేకపోతే పెళ్ళయిన ఏడాదికే ఆవిడిక్కడ, వాడక్కడ. ఇంతకన్నా ఈ కథలో తేలాల్సింది ఏమీ లేదు.

ఇక గొడవ. నేను ఫ్లట్టర్ వైపు, ఎందుకంటే నాకు అదే వచ్చు. వాడు రియాక్ట్ నేటివ్ వైపు, ఎందుకంటే వాడికి అదే వచ్చు. పైకి చెప్పుకున్న కారణాలు మాత్రం చానా గంభీరంగా ఉండేవి.

"ఒరేయ్, నీ ఫ్లట్టర్ కోసం నేను కొత్త భాష నేర్చుకోవాల్రా," అన్నాడు వాడు.

"నేర్చుకో. కొత్తగా పెళ్ళయినోడివి, ఎటూ నేర్చుకుంటానే ఉన్నావ్‌గా."

"ఎగతాళి కాదురా. టైం ఏదీ?"

"నీదాంట్లో మధ్యలో వంతెన ఉంటదంట, అన్నీ దాని మీద నుంచే పోవాలంట. పాత ఫోన్లలో ఈడుస్తది."

"ఆ వంతెన తీసేసి చానా రోజులైంది. పాత వీడియోలు చూసొచ్చి మాట్లాడతావేంది?"

నేను చూసింది పాత వీడియోనే. రాజుపాలెంలో మా ఇంట్లో మంచం మీద పడుకుని ఒక ఎండాకాలమంతా చూశాను. ఆ సంగతి వాడికి తెలియటం నాకు నచ్చలేదు. మర్నాటి నుంచి మాటల్లేవు. గది మధ్యలోకి ఇనప బీరువా జరిగింది. టీ వేరువేరుగా తెప్పించుకున్నాం. టీ తెచ్చేవాడు అటొకసారి ఇటొకసారి వెళ్ళి, కింద కొట్టాయనకి చెప్పేశాడు.

కొట్టాయన్ని మేం బాబాయ్ అనేవాళ్ళం. ఊళ్ళో సగంమంది అంతే అంటారు. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు మందు కొనటానికి వచ్చినప్పుడు పొలం గట్టు తగాదాలు కూడా వెంట తెచ్చుకుని ఆయన ముందు కూర్చుంటారు. పెద్దమనుషుల్లో పెట్టటం అంటారు మా వైపు. ఒకళ్ళు మాట్లాడుతుంటే రెండోవాళ్ళు బయట నిలబడాలి. తప్పెవరిదో పెద్దమనిషి చెప్పడు. ఇద్దరూ తల దించుకోకుండా ఇంటికి వెళ్ళే మాట ఒకటి చూసి చెబుతాడు. అది విన్నాక కాదనటం ఉండదు. కాదంటే ఆ మనిషిని మొహం మీద కొట్టినట్టు.

మమ్మల్ని కిందికి పిలిపించాడు.

"ఏందిరా మీ గొడవ? డబ్బులా?"

"కాదు బాబాయ్, ఫ్రేమ్‌వర్కు," అన్నాను.

"అంటే?"

"ఒకసారి రాస్తే చాలు, ఆండ్రాయిడ్ ఫోన్లోనూ ఐఫోన్లోనూ రెండిట్లోనూ నడిచిద్ది."

"అట్టాంటిది ఉందా! మంచిదేగా?"

"రెండున్నయ్ బాబాయ్. అదే గొడవ," అన్నాడు నా స్నేహితుడు. వారం తర్వాత ఆ గొంతు వినటం అదే మొదలు.

ఆయన ఇద్దరి వంకా చూసి, "ఒకళ్ళు బయట నిలబడండి," అన్నాడు.

నేను మందు డబ్బాల అట్టపెట్టెల పక్కన నిలబడ్డాను. వాడు లోపల ఏం చెప్పాడో తెలియదు. నా వంతు వచ్చినప్పుడు వేగం గురించి, అందం గురించి, ఒకే రకంగా కనపడటం గురించి చెప్పాను. బాబాయ్ అంతా విని, "రెండిట్లో దేనికి ఇక్కడ రిపేరోడు దొరుకుతాడు?" అన్నాడు. దేనికీ దొరకడని చెప్పాల్సి వచ్చింది. ఆ మొత్తం నెలలో ఎవరైనా అడిగిన పనికొచ్చే ప్రశ్న అదొక్కటే.

తర్వాత తీర్పు. "ఇద్దరూ తెలివిగలోళ్ళే. రెండూ మంచివే. చెరి సగం చేసుకోండి. టోకెన్ తీసుకునే జనం వైపుది వాడు వాడిదాంట్లో చేస్తాడు. ఆసుపత్రి కౌంటరు వైపుది నువ్వు నీదాంట్లో చెయ్యి. ఒకళ్ళ గట్టు ఒకళ్ళు తొక్కబాకండి. ఇంక పైకిపోయి బీరువా పక్కకి జరపండి."

ఒక పని రెండుసార్లు చేయాల్సిన అవసరం లేకుండా ఎవరో కనిపెట్టిన వస్తువు మీద తగువుపడి, ఆ పని రెండు రకాలుగా చేయటానికి ఒప్పుకున్నాం. చదువుకున్నవాళ్ళం. ఎందుకు ఒప్పుకున్నాం అంటే, పెద్దమనిషి మాట. ఇంకా నిజం చెప్పాలంటే, ఇద్దరిలో ఎవరూ ఓడిపోలేదు. అప్పటికి అదే గెలుపులాగా ఉంది. ఒకే ట్రేలో రెండు టీలు వచ్చాయి.

ఆ ఆదివారం బొల్లాపల్లిలో వాళ్ళింటికి భోజనానికి వెళ్ళాను. వాడి భార్య నన్ను అన్నయ్యా అంటుంది. సంధి సంగతి గొప్పగా చెప్పాను. ఆ అమ్మాయి అన్నం వడ్డిస్తూ ఆగి, "మరి రెండూ అతికేది ఎవరు అన్నయ్యా?" అంది.

"అతికేది ఏముందమ్మా, అవే కలుస్తయ్."

"మా ఐదో తరగతోళ్ళు గ్రూపు వర్కు ఇట్టాగే చేస్తారు. ఒకడు ఎండాకాలం బొమ్మ వేస్తాడు, ఒకడు వానాకాలం బొమ్మ వేస్తాడు. మధ్యలో గొడుగు ఎవరూ వెయ్యరు."

"నువ్వు ఇంటికొచ్చినోళ్ళకి కూడా మార్కులేస్తావేంది?" అన్నాడు వాడు.

"వేస్తే ఏమొస్తాయో తెలిసే వెయ్యటంలా."

నవ్వాం. చేతులు కడుక్కుంటూ చూస్తే గదిలో ఒక మూల వాడి పెట్టె ఇంకా విప్పకుండానే ఉంది. కాపురం పెట్టి నెలలైంది. నేను అటు చూడటం ఆ అమ్మాయి చూసింది. "ఏదీ తేలకుండా సర్దటం ఎందుకని," అంది, పెరుగు తేవటం మర్చిపోయినట్టు వంటింట్లోకి వెళ్ళిపోయింది. పెరుగు బల్ల మీదే ఉంది.

ఆ తర్వాత పని బాగా సాగింది. ఎంత బాగా అంటే, మాకు భయం వేయాల్సినంత. ఎవరి సగం వాళ్ళది. వాడు ఎక్కడో ఇరుక్కుని రోజుల తరబడి గోళ్ళు కొరుక్కుంటుంటే నేను పాటలు పెట్టుకుని నా స్క్రీన్లకి రంగులు దిద్దుకున్నాను. వాడి భాష నాకు రాదు, వచ్చినా గట్టు తొక్కకూడదు. నేను ఇరుక్కున్నప్పుడు వాడు మర్యాదగా బయటికెళ్ళి ఫోన్ మాట్లాడుకున్నాడు. అంత మర్యాద మా మధ్య అంతకుముందు ఎప్పుడూ లేదు.

డాక్టరు గారి ఆసుపత్రిలో మొదలుపెట్టిన రోజు సోమవారం. సోమవారం జనం ఎక్కువ. ముందురోజే కొంతమంది ఫోన్లలో యాప్ ఎక్కించి, టోకెన్ ఎట్లా తీసుకోవాలో చూపించాం. పొద్దున్నే ఒకావిడ పిల్లాణ్ణి భుజాన వేసుకుని వచ్చి కౌంటరులో ఫోన్ చూపించింది. నాలుగో నంబరు. కౌంటరు అమ్మాయి నా స్క్రీన్ చూసి, "మీది పదకొండమ్మా," అంది.

"ఫోన్లో నాలుగు కనపడతంది గదా, కళ్ళు కనపడట్లా?"

వెనక నుంచి ఒకాయన, "నాలుగు నాది," అన్నాడు. ఆయన ఫోన్లో కాదు, నా స్క్రీన్ మీద.

"నీది ఎట్టా అయిద్ది? నేను రాత్రే పెట్టుకున్నా."

"రాత్రి పెట్టుకుంటే? నేను ముందొచ్చి నిలబడలా?"

ఇద్దరిదీ న్యాయమే. వాడి యాప్ ఎవరు ముందు బుక్ చేసుకుంటే వాళ్ళకి నంబరు ఇచ్చింది. నా యాప్ ఎవరు ముందు కౌంటరుకి వస్తే వాళ్ళకి ఇచ్చింది. ఇద్దరమూ మా మా సగాల్లో చానా శ్రద్ధగా ఒక్కో నంబరు తయారుచేసి పెట్టాం. అసలు ఆ నంబరు ఎవరు ఇవ్వాలి అన్నది ఎవరి వాటాలోనూ లేదు. అది సరిగ్గా గట్టు మీద ఉంది. గట్టు ఎవరూ తొక్కలేదు.

పదింటికల్లా హాలంతా అరుపులు. పిల్లలు ఏడవటం వేరే, అది రోజూ ఉండేదే. కౌంటరు అమ్మాయి స్క్రీన్ పక్కకి తిప్పేసి, గొంతెత్తి పేర్లు పిలవటం మొదలుపెట్టింది. అప్పుడు అందరూ చల్లబడ్డారు. వచ్చినవాళ్ళు పాత అలవాటుగా చెప్పులు వరసలో పెట్టే ఉంచారు. వాటి ప్రకారమే లోపలికి పంపారు.

డాక్టరు గారు కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది, ఎదురుచెప్పటానికి ఏదో ఒకటి ఉండేది. "మెల్లగా సరిచేసుకుని రండి బాబూ, తొందరేం లేదు," అన్నారు. ఆయనకి లేదు. నా స్నేహితుడు గోడకి ఆనుకుని, పిల్లల టీకాల పోస్టరు మొత్తం పైనుంచి కిందిదాకా చదివాడు.

బయటికొచ్చి బండి దగ్గర నిలబడ్డాం. "వారం పనిరా, సరిచేద్దాం," అన్నాను. వాడు, "బడులు తెరిచేది ఎప్పుడో తెలుసా?" అన్నాడు. తెలుసు. కంపెనీవాళ్ళు ఆ వారంలోనే మాట చెప్పమన్నారు. చూపించటానికి మా దగ్గర ఉన్నది రెండు నాలుగులు, ఒక పదకొండు. ఆ లెక్కతో ఎవరూ ఉద్యోగం వదులుకోరు. ఆ రాత్రి వాడు వాళ్ళకి సరే అని మెసేజ్ పెట్టాడట. ముందు భార్యని అడిగాడట. "నన్ను అడగబాక, నేనేం చెప్పినా తర్వాత నామీద పడిద్ది," అందట. ఆ అమ్మాయి తెలివిగలదని మొదటి నుంచీ నాకు తెలుసు. ఆ తెలివి అప్పుడు ఎవరికీ పనికిరాలేదు.

బాబాయికి నేనే చెప్పాను. ఆయన చేతిలో ఉన్న డబ్బా కింద పెట్టి నోరు తెరిచి నన్ను చూశాడు.

"నిజంగా చెరి సగం చేశార్రా?"

"నువ్వే చెప్పావ్‌గా బాబాయ్."

"గొడవ ఆగిద్దని చెప్పా. ఎవరైనా అట్టాగే చెబుతారు. మా రైతులు ఇక్కడ సరే అంటారు, ఇంటికిపోయి నలుగురితో మాట్లాడుకుని వాళ్ళకి కుదిరినట్టు చేసుకుంటారు. అన్నది అన్నట్టు చేసింది మీరేరా." డబ్బా మళ్ళీ చేతిలోకి తీసుకుని, "చదువుకున్నోళ్ళకి చెప్పేటప్పుడు జాగ్రత్తగా చెప్పాలి," అన్నాడు. నన్ను తిడుతున్నాడో, తనని తిట్టుకుంటున్నాడో తెలియలేదు. సాయంత్రం టీ ఆయనే పంపించాడు, ఒక్కటే.

వాడు వెళ్ళాక టోకెన్ లెక్క నేనే సరిచేశాను. ఒక మధ్యాహ్నం పని. అప్పటికి డాక్టరు గారు, జనం ఫోన్ చేస్తే టోకెన్ ఇవ్వటానికి, కౌంటరు దగ్గర ఇంకో అమ్మాయిని పెట్టారు. అది బాగా నడుస్తోంది. పల్లెల్లో అందరికీ ఫోన్ చేయటం వచ్చు. ఏ ఫోన్లో అయినా నడుస్తుంది. ఏ ఫ్రేమ్‌వర్కూ అక్కర్లేదు.

మొన్న వాడు హైదరాబాదు నుంచి ఫోన్ చేశాడు. "ఒరేయ్, ఇక్కడ ఏం వాడతన్నారో చెప్పుకో."

"రియాక్ట్ నేటివ్."

"కాదురా. ఫ్లట్టర్. నేర్చుకుంటన్నా."

గెలిచానన్నమాట. గెలిచినప్పుడు అనటానికి నా దగ్గర చానా మాటలు దాచిపెట్టుకున్నాను. "అన్నం తిన్నావా?" అన్నాను. కిందికెళ్ళి బాబాయికి చెబితే, "అయితే ఆ కంపెనీలో పెద్దమనిషి గట్టోడు," అన్నాడు.

ఇప్పుడు వాడు శుక్రవారం ఆఫీసు అయ్యాక బయల్దేరి బొల్లాపల్లి వస్తాడు, ఆదివారం మధ్యాహ్నం అన్నం తిని వెళ్ళిపోతాడు. సోమవారం ఆ అమ్మాయి బడికి పోతుంది. నన్నూ రమ్మంటారు. నేను వెళ్ళను. ఉన్న కాసేపు కూడా వాళ్ళ మధ్య నేనెందుకు అని. శుక్రవారం వాడెక్కే బస్సు వినుకొండ దాకానే, అది చేరేసరికి అక్కణ్ణించి బొల్లాపల్లి వెళ్ళే బస్సులు అయిపోతాయి. ఆటో మాట్లాడుకోవాలి.