కోదాడ పెళ్లిలో సర్వర్ తాళంచెవి

ఆ రోజుల్లో నాలో తెలివి కన్నా పంతం పాలే ఎక్కువ. సూర్యాపేటలో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో కొత్తగా చేరాను. మిర్యాలగూడ రైస్ మిల్లులకు లారీ కాంటా ప్రోగ్రాములు చేసేవాళ్లం. వాటికి కావలసిన ప్యాకేజీలు, అంటే ముందే రాసిపెట్టుకున్న కోడ్ మూటలు, ప్రైవేటు ఫీడ్ అనే మా ఆన్‌లైన్ గిడ్డంగిలో పాస్‌వర్డ్ తాళం వెనక ఉండేవి. వాటిని తెచ్చి ప్రోగ్రామును కూర్చే బిల్డ్ సర్వర్‌కు మా సార్ తన సొంత పాస్‌వర్డే ఇచ్చి ఉంచారు. (“వేరేది ఎందుకమ్మా, నేను యాడికి పోత?” అనేవారు.)

ఒక పొద్దున ఆయన పాస్‌వర్డ్ మార్చుకుని, సర్వర్‌లో పాతదే వదిలేసి, కోదాడలో బంధువుల పెళ్లికి వెళ్లిపోయారు. అదే పూట ఒక మిల్లులో కాంటా ప్రోగ్రాము ఆగిపోయింది. తప్పు దొరికింది, సరిచేశాను కూడా. కానీ ఫీడ్ తలుపు తీయదు, బిల్డ్ కాదు. మిల్లు సూపర్‌వైజర్ ఫోన్ చేశాడు. “మేడం, వడ్ల లారీలు రోడ్డు దాక నిలబడ్డయి. మబ్బు పట్టింది. జర సూడండి.” సార్ ఫోన్ ఎత్తలేదు. ల్యాప్‌టాప్ సంకన పెట్టుకుని కోదాడ బస్సెక్కాను.

ఫంక్షన్ హాల్లో భోజనాల దగ్గర ఒక పెద్దావిడ నన్ను ఆపింది. “ఎవరి తరఫు అమ్మా నువ్వు?”

“సర్వర్ పని మీద వచ్చిన అండీ.”

“మరి నిలబడ్డావేం? ఆ వరసకి పప్పు పడలేదు” అని బకెట్ చేతికిచ్చింది. (వివరించే తీరిక ఎవరికుంది?) వడ్డించుకుంటూ వెళ్లి సార్ ఆకు ముందు ఆగాను. ఆయన తలెత్తి చూసి, ముద్ద మింగడం మరిచిపోయారు. విషయం చెప్పాను.

“కొత్త పాస్‌వర్డ్ చెప్త, రాసుకో” అన్నారు మెల్లగా.

“వద్దు సార్. మీరు మళ్ల మారుస్తరు, మళ్ల గిదే పరేషాన్. సర్వర్‌కు విడిగా ఒక టోకెన్ ఇయ్యండి, దాని సొంత తాళంచెవి లెక్క. ప్యాకేజీలు తెచ్చుకునుడు తప్ప దానితోని ఇంకేం కావద్దు.”

“అన్నం తిననియ్యవా?”

“తినండి సార్. నేను గీడనే ఉంట.”

బకెట్‌తో కదలకుండా నిలబడ్డాను. పక్కాయన పప్పు అడిగితే వేశాను. చివరికి సార్ ఎడమచేత్తో ఫోన్ తీసి టోకెన్ తయారుచేసి నాకు పంపారు. చేతులు కడిగే చోట ప్లాస్టిక్ కుర్చీ మీద ల్యాప్‌టాప్ తెరిచి, ఆ టోకెన్‌ను కోడ్‌లో ఎక్కడా రాయకుండా, సర్వర్‌లో రహస్యాలు దాచే చోట పెట్టాను. బిల్డ్ పూర్తయి తెర మీద పచ్చబడింది, సరిచేసిన ప్రోగ్రామును మిల్లుకు పంపాను. కాసేపటికి మిల్లు నుంచి ఫోన్. “లారీ కాంటా ఎక్కింది మేడం.” అప్పుడే చినుకులు మొదలయ్యాయి.

“ఇగ నువ్వు తిను” అని సార్ స్వయంగా ఆకు వేయించారు.

ఇప్పుడు బిల్డ్ ఆగి ఎర్రబడితే ఫిర్యాదు టికెట్ రాసి, టీ తాగుతూ ఎదురుచూస్తాను. పద్ధతిగానే చేస్తున్నానని అందరూ అంటారు. పప్పు బకెట్‌తో నిలబడ్డ ఆనాటి ఆ పిల్ల ఎదురుగా ఉంటే మాత్రం, ఆ టీ నన్ను పూర్తిగా తాగనిచ్చేది కాదు.