తిరిగొచ్చిన నల్లోడు

ఈ మాట ఇన్నేండ్లూ నా గొంతు దిగలేదు, బయటికీ రాలేదు. ఇంట్లోవాళ్లకు చెప్పుకోలేనిది, ముఖం తెలియని మీకు చెబుతున్నాను.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. కర్నూలుకు పడమట మగ్గాల పల్లె మాది. ఇంట్లో నేను, నా పెనిమిటి, మా అత్త. అత్తకు మా కుక్క నల్లోడంటే ప్రాణం. మామ చనిపోయిన ఏడాది వీధిలో దొరికిన కూన. తన సంగటి ముద్దలోంచే తుంచి పెట్టి సాకింది.

ఒక పొద్దున మగ్గానికెక్కాల్సిన పడుగు నూలు వీధిలో చాచి గంజి పెడుతుంటే, నల్లోడు మేకను తరుముతూ వచ్చి అందులో పడ్డాడు. పోగులు తెగిపోయాయి. కుక్కను కట్టేయలేదని నా పెనిమిటి నన్ను నలుగురిలో తిట్టాడు. ఆయన మీద చూపలేని కోపం ఆ మూగజీవం మీద పెట్టుకున్నానా? అంతే అయ్యుంటుంది. అత్త చుట్టాలింటికి పోయిన పూట, ఆత్మకూరు అడవి వైపు మంద తోలుకుపోతున్న గొర్రెలాయనకు నల్లోణ్ణి తాడు కట్టి ఇచ్చేశాను. అత్త తిరిగొస్తే, పాము కరిచి చచ్చిపోయాడన్నాను. ఎక్కడ పూడ్చానో చూపించమంది. ఊరి పక్క ఎండిన వంకలో ఒక ఇసుక దిబ్బ చూపించాను. దాని పక్కన కూలబడి ఏడ్చింది. నేనూ కొంగు కళ్లకద్దుకున్నాను. ఎట్లా అద్దుకోగలిగాను?

ఆమె తిండి మానేసింది. భయమేసి నేనే ఒక ఎర్రకూనను తెచ్చి ఒళ్లో పెట్టాను. తోసేసింది. అది మళ్లీ ఎక్కి, ఆమె కొంగు నములుతూ నిద్రపోయింది. మర్నాడు ముద్ద తుంచింది. దానికింత, తనకింత. నా కోడలు బంగారమని వీధంతా చెప్పుకుంది.

ఎండలు ముదిరిన ఒక మధ్యాహ్నం నల్లోడు వచ్చాడు. ఎముకలు తేలి, మెడలో తెగిన తాడుతో. నన్ను చూసి తోకాడించాడు. లోపల అత్త కూనకు మజ్జిగ పోస్తోంది. చెప్పేయొచ్చు గదా? రెండూ ఉండొచ్చు గదా? కానీ బంగారమన్న ఆ నోటితోనే ఆమె నన్ను ఏమంటుందో వినే ధైర్యం లేకపోయింది. రాయి విసిరాను. కాలికి తగిలి కుయ్యిమన్నాడు.

"ఎవురే ఆడ?" అనింది అత్త.

"ఏదో ఊరకుక్కలే అత్తా."

"పాపం, ఎండకు వచ్చిండాది. ఇన్ని నీళ్లు పెట్టరాదా?"

"పోయిందత్తా."

పోలేదు. ఆమె గొంతు విని చెవులు నిక్కించి అక్కడే నిలబడ్డాడు. నేను ఇంకో రాయి తీసుకున్నాను.

మళ్లీ రాలేదు. అత్త ఆ కూనతో శానా ఏండ్లు సంతోషంగా బతికింది. ఆ సంతోషం నేనిచ్చిందే కదా అని నన్ను నేను సముదాయించుకోబోయాను. ఎన్నిసార్లు అనుకున్నా ఆ కుయ్యిమన్న చప్పుడు ఆ మాటను దాటి వినిపించేది. పోయేముందు ఆమె నా చెయ్యి పట్టుకుంటే, నల్లోడి సంగతి అడుగుతుందేమోనని తల తిప్పుకున్నాను. "నువ్వు తిన్యావా?" అనింది. అంతే.

క్షమించడానికి ఆమె లేదు. మీరు క్షమించినా అది చెల్లదు. ఒక్కసారి పైకి అనాలి, అంతే.

అత్తా, నల్లోడు సావలేదు. నీకోసం తిరిగొచ్చినాడు. నేనే తరిమినా.