మిరప కల్లాల పక్క ఫుట్‌బాల్ క్లబ్బు

వినుకొండ దాటి మా వైపు వచ్చాక ఎవరినైనా ఆపి ఫుట్‌బాల్ క్లబ్బు ఎక్కడని అడగండి. దారి చూపించడమే కాదు, కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చి మరీ పంపిస్తారు. ఇది ఇప్పటి మాట. నేను చేరిన కొత్తలో నవ్వేవాళ్లు. "క్రికెట్ ఆడేవాళ్లకే దిక్కు లేదు, నీకు ఇదొకటా" అని మా మేనమామ పదిమందిలో అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. చాలా కాలం ఆయన గడప తొక్కలేదు.

మా క్లబ్బు చరిత్ర ఎవరూ రాయలేదు కాబట్టి నేను చెబుతున్నాను. కాస్త పొగరుగానే చెబుతాను. దీన్ని మొదలుపెట్టింది ఇద్దరు. ఒకాయన హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు. రెండో ఆయన బజార్లో బట్టలు కుట్టే పెద్దాయన, మేమంతా భాయ్ అని పిలిచేవాళ్లం. మాస్టారికి ఆట తెలుసు, భాయ్‌కి ఆటంటే పిచ్చి. మా మొదటి ఎర్ర చొక్కాలు ఆయనే కుట్టాడు, జాకెట్లకు వేసే లైనింగు గుడ్డతో. చొక్కాలు, తెల్ల నిక్కర్లు అన్నీ ఒకే బకెట్లో నానబెట్టాం. ఇంకేముంది, నిక్కర్లు గులాబీ రంగుకి తిరిగాయి. వాటితోనే నరసరావుపేట వెళితే, పెళ్లివారు వచ్చారని అక్కడివాళ్లు వెక్కిరించారు. వాళ్లను చిత్తుగా ఓడించి వచ్చాం. ఆ తర్వాత రంగు పోని మంచి గుడ్డ దొరికినా, నిక్కర్లు మాత్రం గులాబీవే ఉండాలని భాయ్ పట్టుబట్టాడు. ఇప్పటికీ అవే వేసుకుంటున్నాం.

గ్రౌండంటే నల్లరేగడి నేల. ఎండలకు బీటలు తీస్తుంది, తడిస్తే బూటును పట్టుకుని వదలదు. చుట్టూ మిరప కల్లాలు. మాఘమాసం నుంచి ఎండాకాలం దాకా కోసిన కాయలు అక్కడే ఎండుతాయి. గాలి తిరిగిందంటే ఘాటంతా ఆటలోకే. మాకది పుట్టినప్పటి నుంచీ అలవాటైన గాలి. పై ఊళ్ల జట్లు మాత్రం తుమ్మలేక చచ్చేవి. మేం కావాలనే అక్కడ ఆడిస్తున్నామని ఫిర్యాదు కూడా చేశారు. గాలి మా చేతిలో ఉందా, ఆపమంటే ఆపడానికి?

అలా ఆడుతూ ఆడుతూ రాష్ట్ర లీగు గుమ్మం దాకా వెళ్లాం. లీగులోకి వెళితే ఆటగాళ్లకు నెలనెలా జీతం. ఆట మాకు ఉద్యోగమవుతుంది. అందుకు మిగిలింది ఒక్క మ్యాచ్, సముద్రం ఒడ్డు జట్టుతో, మా గ్రౌండులోనే. డ్రా అయినా లెక్కల ప్రకారం వాళ్లే వెళతారు. ఓడితే మాలో బాగా ఆడేవాళ్లను మంగళగిరిలో కొత్తగా పెడుతున్న జట్టు తీసుకుపోతుంది, మా క్లబ్బుకు తాళం పడుతుంది. నేను గోల్‌కీపర్ని. ఆ ఏడు కౌలుకు తీసుకున్న చేను కాయంతా కోయించి, అవతలి గోలు వెనక కల్లంలో ఎండబోశాను. మా ఇంటి ఏడాది తిండి అది.

మొదటి సగంలోనే గోలు కొట్టాం. రెండో సగంలో నేను ఇవతలి గోల్లోకి మారాను. పావుగంట ఆట మిగిలి ఉండగా పడమటి వైపు మబ్బు నల్లగా లేచింది. జనం అరుపులు ఒక్కసారిగా ఆగిపోయాయి.

మా వైపు ఒక పద్ధతి ఉంది. కల్లాల కాలంలో మబ్బు పట్టిందంటే ఏ పనిలో ఉన్నవాళ్లయినా లేచి, దగ్గర్లో ఉన్న కల్లానికి పరిగెత్తాలి. అది ఎవరిదని అడగకూడదు. కాయ తడిస్తే రంగు పోతుంది, రంగు పోతే తాలు కాయ కింద లెక్క, సగం ధర కూడా పలకదు. చూస్తూండగానే గ్రౌండు చుట్టూ ఉన్న జనమంతా కాయల మీద కప్పే పరదా పట్టాల కోసం పరుగు తీశారు. మా బెంచీ మీదున్న కుర్రాళ్లు అందరికంటే ముందే పోయారు. ఆడుతున్న మావాళ్లలో ఒకడు గీత దాటబోతుంటే కెప్టెన్ చొక్కా పట్టి ఆపాడు.

"ఏడుగురికి తగ్గితే ఆట ఆపేస్తానండి. ఓడినట్టు రాయాల్సి వస్తుంది," అన్నాడు రిఫరీ. ఆయన పై ఊరివాడు, ఈ గోల ఏమిటో ఆయనకు అర్థం కావడం లేదు.

కెప్టెన్ ఒక్క క్షణం ఆకాశం కేసి చూశాడు. "ఒరేయ్, కల్లంలో కాయలున్నవాళ్లలో నలుగురు పోండి. మిగతా ఏడుగురం చూసుకుంటాం."

నేను గ్లౌజులు ఊడదీశాను.

"నువ్వు కాదురా," అన్నాడు.

"నాదీ అక్కడే ఉంది. మా ఆవిడ ఒక్కతే ఉందక్కడ."

"నువ్వు పోతే గోల్లో ఎవడు నిలబడతాడు? జనం చూసుకుంటారులే."

"చూసుకోకపోతే?"

వాడు అప్పటికే మిగిలినవాళ్లను ఎవరి చోట్లలో వాళ్లను నిలబెడుతున్నాడు. వాణ్ణి నోటికొచ్చినట్టు తిట్టి గ్లౌజులు మళ్లీ తొడుక్కున్నాను.

వాన మొదలైంది. ఎదురుగా నా కల్లం కనిపిస్తూ కనిపిస్తూ, వాన తెరలో పూర్తిగా మాయమైంది. అది నాకు నరకం. వాళ్లు పదకొండు మంది, మేం ఏడుగురం. అయితే రేగడి తడిసింది కదా, అది మా నేల. వాళ్లు బంతిని పరిగెత్తించాలని చూస్తే అది బురదలో కూరుకుపోయేది. మేం మాత్రం గాల్లోకి లేపి తన్నేవాళ్లం, చిన్నప్పటి నుంచీ అంతే. చివర్లో వాళ్ల పొడుగు కుర్రాడు నాకు ఎదురుగా ఒంటరిగా వచ్చి గట్టిగా కొట్టాడు. బంతి నా ఛాతీకి తగిలి పక్కకు పోయింది. విజిల్ మోగింది. చప్పట్లు కొట్టడానికి గట్టు మీద మిగిలింది పరిగెత్తలేని భాయ్ ఒక్కడే. గొడుగు అవతల పారేసి రెండు చేతులతో కొడుతున్నాడు.

మావాళ్లు నన్ను ఎత్తుకోబోతే తోసేసి కల్లానికి పరిగెత్తాను.

కాయల మీద పరదా పరిచి ఉంది. గాలికి లేవకుండా దాని అంచుల మీద జనం బోర్లా పడుకుని ఉన్నారు. మా ఆవిడ ఒక మూల, మా ఆట చూడటానికి వచ్చిన పై ఊళ్ల వాళ్లు మిగతా చోట్ల. నేను వంగి పరదా కింద చెయ్యి పెట్టాను. కాయ గలగలమంది. అంచుల్లో కాస్త తడిసింది తప్ప అంతా పొడిగానే ఉంది.

దగ్గర్లో పడుకున్న ముసలాయన తల ఎత్తాడు. ఎప్పుడూ చూడని మనిషి. గడ్డం నుంచి బురద కారుతోంది.

"ఏరా అబ్బాయ్, ఏమైంది ఆట?"

"గెలిచాం పెదనాన్నా."

"ఎన్ని గోల్స్?"

"ఆ ఒక్కటే."

"అది మేం చూసిందేగా. ఆ తర్వాత?"

"ఏడుగురమే ఆడాం. ఇంకోటి పడనివ్వలేదు."

"ఏడుగురా?" అని ముసలాయన మెల్లిగా అని, పక్కన పడుకున్నవాడికి చెప్పాడు. వాడు ఆ పక్కవాడికి చెప్పాడు. పరదా చుట్టూ మాట తిరిగింది. పడుకున్నవాళ్లు పడుకున్నట్టే అరవడం మొదలుపెట్టారు. ఒక్కడూ అంచు వదిలి లేవలేదు. నాకు ఏడుపు ఆగలేదు.

"ఏడ్చింది చాల్లే. నా చేతులు తిమ్మిరెక్కాయి, ఈ మూల పట్టుకో," అన్నాడు ముసలాయన. "ఎవరివో పాపం, మంచి కాయలు."